కొత్త కారు ఊళ్లో పెట్రోలు ఎందుకంత తాగుతుంది?

విజయనగరంలో అయినా శ్రీకాకుళంలో అయినా కొత్త కారు కొన్న ఇంట్లో నెల తిరక్కుండా పుట్టే ప్రశ్న ఇది. షోరూములో లీటరుకి 24 అన్నారు, ఊళ్లో తిరిగితే 13 దాటడం లేదు. మిగతా పదకొండూ ఏమైపోయాయి? "ఏటి గురువా, మోసపోనామేటి?" అని తెలిసినాయన్ని అడిగితే, "కొత్త బండి కదా, రెండో సర్వీసుకి లైన్లోకొచ్చేత్తాది" అంటాడు. ఆ మాటలో నిజం ఉంది గానీ పిసరంతే. అసలు జవాబు ఇంజన్లో కంటే మన వీధుల్లోనూ, మనం కారు తీసే తీరులోనూ ఉంది.

ముందు ఆ 24 ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఉదాహరణకి 2024లో వచ్చిన స్విఫ్ట్ మాన్యువల్‌కి ప్రకటించిన అంకె 24.80. ఇలాంటి అంకెలు రోడ్డు మీద తేలినవి కావు. పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థల్లో కారును రోలర్ల మీద నిలబెడతారు. చక్రాలు తిరుగుతాయి, కారు కదలదు. ఎదురుగా తెర మీద ఒక గీత సాగుతూ ఉంటుంది, దాన్నిబట్టి డ్రైవరు వేగం పెంచాలి, తగ్గించాలి. మొత్తం 1180 సెకన్లు, దూరం సుమారు పదిన్నర కిలోమీటర్లు. మొదటి 780 సెకన్లు పట్నం నడక. 195 సెకన్ల ముక్కనే నాలుగుసార్లు నడుపుతారు. ఒక్కో ముక్కలో దూరం కిలోమీటరే, అందులో మూడుసార్లు బయల్దేరి మూడుసార్లు ఆగాలి. తర్వాతి 400 సెకన్లు హైవే నడక. గంటకు 90 దాకా వెళ్లి, చివర ఒక్కసారి ఆగుతుంది.

అంటే పరీక్ష పెట్టినవాళ్లు ఊరిని మరిచిపోలేదు, ఆగడాలు కూడా లెక్కలో వేశారు. తేడా వేరేచోట ఉంది. ఆ గీత ప్రకారం సున్నా నుంచి 50కి చేరడానికి 26 సెకన్లు తీసుకోవాలి. విజయనగరంలో మయూరి కూడలి దాటాక అంత నింపాదిగా వేగం పెంచి చూడండి, వెనకున్న ఆటోలు హారన్లతో మిమ్మల్ని మోసుకుపోతాయి. పైగా ఏసీ ఆఫ్. గది ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల మధ్య. గుంతల్లేవు, అడ్డం వచ్చే ఆవుల్లేవు. దూరంలో దాదాపు మూడింట రెండొంతులు ఆగకుండా సాగే హైవే. ఈ అంకె అబద్ధం కాదు, రెండు కార్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికొస్తుంది. మన నెల ఖర్చు లెక్కకు పనికిరాదు. ప్రకటనలో అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు, అడుగున చీమలబారు లాంటి అక్షరాలు ఉండేది అందుకే.

ఇక మన వీధిలోకి వద్దాం. ఇక్కడ కాస్త లెక్క చేయాలి, ఓపిక పట్టండి. మనిషితో కలిపి 1100 కిలోలుండే చిన్న పెట్రోలు కారు తీసుకుందాం. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఊరి నడకలో అందులో ఐదో వంతు చక్రాలకు చేరుతుందనుకుందాం, మిగతాదంతా వేడిగా పోయేదే. ఆగకుండా గంటకు 40 వేగంతో కిలోమీటరు వెళ్లడానికి టైర్ల రాపిడి, గాలి ఒత్తిడి కలిపి దాదాపు 30 మిల్లీలీటర్లు ఖర్చు. అలాగే సాగితే లీటరుకి 33 కిలోమీటర్లు. ఎంత బాగుంది!

కానీ 40లో పోతున్న కారును బ్రేకు వేసి ఆపామనుకోండి. మళ్లీ అదే వేగానికి తేవడానికి సుమారు 10 మిల్లీలీటర్లు కావాలి. ముందు పోసిన పదీ బ్రేకు డిస్కుల మీద వేడిగా ఆవిరైపోయింది, తిరిగి రాదు. కిలోమీటరుకి మూడుసార్లు ఆగితే 30కి ఇంకో 30 కలిసింది. లీటరుకి 33 కాస్తా 17కి దిగింది. కిలోమీటరుకి ఒక నిమిషం ఊరికే నిలబడ్డారనుకుంటే, చిన్న ఇంజను ఏసీ లేకుండా నిలబడి తాగేది నిమిషానికి 10 మిల్లీలీటర్ల దాకా. మొత్తం 70. లీటరుకి 14. కారులో ఏ లోపమూ లేకుండానే మనం 14 దగ్గరకొచ్చేశాం.

విశాఖలోలాగా మన రెండు ఊళ్లలో అడుగడుగునా సిగ్నళ్లు లేవు కదా, మూడుసార్లు ఎక్కడ ఆగుతాం అంటారేమో. మన ఊళ్లలో కారును ఆపేది ఎర్రదీపం కాదు. విజయనగరంలో గంట స్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వస్తుంటే ఆగివున్న ఆటో, దాన్ని తప్పించబోయే బైకు, దుకాణం ముందు సామాను దించుతున్న వ్యాను. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర ఎవరు ముందు వెళ్లాలో తేలేలోపు నాలుగుసార్లు క్లచ్ తొక్కాలి. సిగ్నలైతే దూరం నుంచే కనబడుతుంది, ముందే కాలు తీసేయవచ్చు. ఈ ఆగడాలు చెప్పి రావు. చివరి క్షణంలో బ్రేకు, వెంటనే రెండో గేరులో గట్టిగా ఎత్తుకోవడం. సిరిమానోత్సవం నాటి విజయనగరం, రథసప్తమి నాటి అరసవల్లి సంగతి ఇక్కడ వద్దు, ఆ రోజుల్లో మైలేజీ అడగడమే తప్పు.

అయితే చిన్న ఊళ్లలో అసలు దొంగ ట్రాఫిక్ కాదనే నా నమ్మకం. దూరం లేకపోవడమే దొంగ. ఏడు రోడ్ల కూడలి నుంచి అరసవల్లి రెండు కిలోమీటర్ల చిల్లర. విజయనగరంలో కోట, గంట స్తంభం, మూడు లాంతర్లు అన్నీ నడిచి తిరగగల దూరంలోనివే. పిల్లను బడిలో దించి రావడం, కూరగాయలు, బ్యాంకు, సాయంత్రం గుడి, ఇలా రోజుకు నాలుగు చిన్న ప్రయాణాలు. ప్రతిసారీ ఇంజను వేడెక్కేలోపే ఇల్లొచ్చేస్తుంది.

ఉదయం తాళం తిప్పగానే ఆర్‌పీఎం ముల్లును గమనించండి. వెయ్యి దాటి, కొన్ని కార్లలో 1300 దాకా లేచి అక్కడే ఆడుతుంది. కొంతసేపటికి నెమ్మదిగా దిగి 800 చుట్టుపక్కల సర్దుకుంటుంది. పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితేగాని పనిచేయదు, దాన్ని త్వరగా వేడిచేయడానికి కారే ఎక్కువ పెట్రోలు తగలేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలలో ఈ పొగ శుద్ధికి కట్టుదిట్టం పెరిగింది. ఇంజను నీళ్లు 90 డిగ్రీలకు చేరేదాకా ఆయిలు చిక్కగా ఉంటుంది, రాపిడి ఎక్కువ. మనకి చలి లేదు కదా అనకండి. మన వేసవి ఉదయం 28 డిగ్రీలున్నా ఇంజను ఇంకో 60 డిగ్రీలు ఎక్కాలి. దానికి ఊళ్లో చాలా కార్లకు నాలుగైదు కిలోమీటర్లయినా పడుతుంది. పరీక్షలోనూ చల్లని ఇంజనుతోనే మొదలుపెడతారు గానీ, ఆపకుండా పదిన్నర కిలోమీటర్లు నడుపుతారు. మనం రెండింటికే కట్టేసి, గంట తర్వాత మళ్లీ మొదలుపెడతాం.

ఇప్పుడు ఏసీ. దీని లెక్క ఆటోవాడి వెయిటింగ్ ఛార్జీ లాంటిది, కిలోమీటర్లతో పని లేదు, గడియారంతోనే పని. సముద్రం దగ్గరున్న ఊళ్లు కావడంతో ఎండకు తోడు ఉక్క. గాలిలోని తేమను నీరుగా మార్చడానికే ఏసీ శక్తి చాలా పోతుంది, కారు కింద కారే నీళ్లు అవే. మే మధ్యాహ్నం ఏసీ కోసం గంటకు అరలీటరు అదనం అనుకుందాం. జాతీయ రహదారి 16 మీద 80లో పోతుంటే అది కిలోమీటరుకి ఆరు మిల్లీలీటర్లు, లెక్కలోకే రాదు. ఊళ్లో సగటు వేగం 20 అయితే కిలోమీటరుకి 25. ఇందాకటి 70కి ఇది కలిపితే 95, లీటరుకి పదిన్నర! "చలికాలంలో 14 ఇచ్చిన బండి మేలో పదకొండు కూడా ఇవ్వట్లేదు" అనే ఫిర్యాదు వెనకున్నది ఇదే. ఎండలో నిలిపిన కారెక్కగానే ఏసీ ఫుల్లు పెట్టకుండా, అద్దాలు దించి ఒక వీధి దాటాక వేసుకుంటే కాస్త నయం. అంతకుమించి ఉక్కలో చెమటలు కక్కుతూ పెట్రోలు మిగల్చమని నేను చెప్పను.

ఇథనాల్ సంగతి కూడా తరచూ అడుగుతున్నారు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి తీసే ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన ప్రణాళికలోనే, ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించి 10 శాతానికి సరిచేసిన కార్లకు ఆరేడు శాతం మైలేజీ తగ్గవచ్చని రాశారు. కొత్త కార్లు 20 శాతానికి తగ్గట్టే తయారవుతున్నాయి కాబట్టి నష్టం తక్కువ. ఎలా చూసినా 24ని 13 చేసింది ఇథనాల్ కాదు, ఒక కిలోమీటరు మింగి ఉంటే ఉంటుంది.

రెండో సర్వీసు మాట కూడా అంతే. కొత్త ఇంజన్లో పిస్టన్ రింగులు, బేరింగులు ఒరుసుకుని నునుపెక్కడానికి కొన్ని వేల కిలోమీటర్లు పడుతుంది, అప్పుడు కొద్దిగా మెరుగుపడుతుంది. పద్నాలుగు ఇరవై అవదు.

మరి ఏం చేస్తే పెరుగుతుంది? ముందుకు చూడడం. ఆటో ఆగబోతోందని, స్పీడు బ్రేకరు వస్తోందని కనబడగానే యాక్సిలరేటరు వదిలేయండి, గేరులోనే ఉంచండి. మన వైపు వాలు కనబడితే న్యూట్రల్ కొట్టే అలవాటు ఉంది, అది కార్బురేటర్ల నాటిది. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి కాలు తీసేస్తే పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఇంజను తనంతట తాను తిరగాలి కాబట్టి తాగుతూనే ఉంటుంది, బ్రేకు మీద భారం కూడా పెరుగుతుంది. వంతెన దిగేటప్పుడు మీ డ్యాష్‌బోర్డు మీద అప్పటికప్పుడు మైలేజీ చూపే గీత ఉంటే, రెండు రకాలుగా దిగి చూడండి.

వేగం కూడా అంతే. 60 దాకా ఎత్తి ఆపితే పోయేది 40 నుంచి ఆపినదానికి రెండింతల పైమాటే. తర్వాతి కూడలికి మూడు వందల మీటర్లే ఉన్నప్పుడు 60కి ఎత్తి లాభమేమిటి? రైల్వే గేటు పడితే ఇంజను ఆపేయండి. విజయనగరం హౌరా–చెన్నై లైనూ రాయ్‌పూర్ లైనూ కలిసే జంక్షను, గూడ్సు వచ్చిందంటే గేటు తొందరగా లేవదు. ఏసీతో పది నిమిషాలు నిలబడితే నూట యాభై మిల్లీలీటర్లకు పైనే పోతుంది. పనులన్నీ కలిపి ఒకే చుట్టులో చేసుకుంటే వేడెక్కిన ఇంజను వృథా కాదు. టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీదున్నట్టు పెట్టించుకోండి, అయితే రెండు మూడు పాయింట్లు తగ్గితే మైలేజీ సగమైపోతుందనేది కట్టుకథ.

కారు ఇంకా కొనని వాళ్లకి ఒక మాట. ఊళ్లోనే తిరిగేవాళ్లు మైలేజీ ఆశతో బీఎస్ 6 డీజిలు కొనకండి. దాని పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, అది తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే ఆగకుండా కాసేపు వేగంగా నడవాలి. మూడు కిలోమీటర్ల ప్రయాణాల్లో ఆ అవకాశం రాక హెచ్చరిక దీపం వెలుగుతుంది. రోజూ శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లివచ్చేవాళ్లకైతే ఆ బాధ లేదు. ఆగడం వల్ల పోయే శక్తిని కొంతైనా తిరిగి పట్టుకునేవి స్ట్రాంగ్ హైబ్రిడ్లూ కరెంటు కార్లూ. బ్రేకు వేసినప్పుడు వాటిలో మోటారే జనరేటరై బ్యాటరీకి పంపుతుంది.

చివరిగా, మీ 13 నిజంగా పదమూడేనా? ఐదువందలు కొట్టించి, ముల్లు చూసి చెప్పే మైలేజీని నమ్మకండి. ఐదు వందలకి ఐదు లీటర్లు కూడా రావు, అందులో అరలీటరు అటూఇటూ అయినా పదిశాతం తేడా. ట్యాంకు నిండా ఆటో కట్ వరకు పోయించి ట్రిప్ మీటరు సున్నా చేయండి. ముప్పై లీటర్ల దాకా వాడాక అదే బంకులో, అదే గన్నుతో, మళ్లీ ఆటో కట్ వరకు పోయించండి. తిరిగిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగించండి. డ్యాష్‌బోర్డు అంకె చాలా కార్లలో దీనికంటే కాస్త ఎక్కువే ఉంటుంది. కొలతలో అనుమానమొస్తే, ముద్ర వేసిన ఐదు లీటర్ల పాత్రలో పోసి చూపమని బంకులో అడిగే హక్కు మీకుంది. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకే చట్టం ఒప్పుకుంటుంది.

ఇంకా కారు మీదే అనుమానం తీరకపోతే, శ్రీకాకుళం సింహద్వారం దగ్గర హైవే ఎక్కి నాతవలస దాకా 75–80 మధ్య ఒకే తీరున వెళ్లి రండి. వంద దాటించకండి, 80 నుంచి 100కి గాలి ఒత్తిడి సగానికి పైగా పెరుగుతుంది. అక్కడ 20 చుట్టుపక్కల వస్తే కారు బాగున్నట్టే, ఊరే తాగుతోంది. హైవే మీద కూడా 14, 15 దగ్గరే ఆగితే, దిగిన వెంటనే నాలుగు చక్రాల రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మాత్రమే మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. సర్వీసు సెంటరులో "మైలేజీ రావట్లేదు" అనకుండా "ఎడమ ముందు చక్రం బ్రేకు పట్టేస్తోంది" అని రాయించండి.