తారు వద్దన్న ఊళ్లలో సైకిల్ మీద ఒక రోజు

"బావా, రోడ్డు అయిపోయింది!"

"అయిపోలేదురా. మనం వచ్చిందే దీనికోసం" అన్నాడు బావ, సైకిల్ ఆపకుండానే.

ఇటలీలోని టస్కనీ ప్రాంతం. అషానో అనే చిన్న ఊరు దాటి కాస్త ముందుకెళ్లాక తారు రోడ్డు వదిలేసి పక్కకు తిరిగాం. ఎదురుగా తెల్లటి మట్టి బాట. దాని మీద సన్న కంకర. రెండు పక్కలా పండిన గోధుమ చేలు. ఆ బాట ఒక గుట్ట మీంచి దిగి ఇంకో గుట్ట ఎక్కి, దాని వెనక మాయమై, మళ్లీ ఎక్కడో దూరంగా సన్నగా కనిపిస్తోంది. జూన్ నెలాఖరు. టైమ్ ఇంకా తొమ్మిదిన్నరే, అప్పటికే ఎండ చురుక్కుమంటోంది.

బావ మిలాన్‌లో ఉద్యోగం చేస్తాడు. సెలవులకని నేను వెళ్తే, "పీసా టవర్‌ని చేత్తో తోస్తున్నట్టు ఫొటో దిగుతావా, సైకిల్ తొక్కుతావా?" అని అడిగాడు. ఇంటర్ అయ్యాక నేను సైకిల్ ముట్టింది లేదు. అయినా రోషానికి పోయి సైకిలే అన్నాను. సియెనా నగరంలో రెండు గ్రావెల్ బైకులు అద్దెకు తీసుకున్నాం. అంటే కంకర మీద పట్టు దొరికేలా లావు టైర్లుండే సైకిళ్లన్నమాట. వాటిని లోకల్ రైల్లో ఎక్కించి (సైకిల్‌కి విడిగా టికెట్ తీసుకోవాలి) అషానోలో దిగాం. అక్కణ్నుంచి కొండల మీదుగా తిరిగి సియెనా చేరాలి. దాదాపు 60 కిలోమీటర్లు.

అరవయ్యే కదా, హైదరాబాద్‌లో బండి మీద రోజూ తిరిగేదే అనుకున్నాను. బండికి ఇంజిన్ ఉంటుందన్న సంగతి మొదటి ఎత్తులోనే గుర్తొచ్చింది.

ఎక్కిందంతా దిగిపోవడమే

ఈ ప్రాంతాన్ని క్రేటే సెనేసి అంటారు. 'క్రేటా' అంటే బంకమట్టి. లక్షల ఏళ్ల కిందట ఇదంతా సముద్రం అడుగున ఉండేదట. నీళ్లు వెనక్కి పోయాక మిగిలిన మట్టిని వానలు కోసి కోసి ఇలా గుండ్రటి గుట్టలుగా మార్చాయి. పెద్ద కొండలేం కావు. అసలు మోసం అక్కడే ఉంది. పెద్ద కొండైతే ఒకసారి కష్టపడి ఎక్కితే పని అయిపోతుంది. ఇక్కడ పది నిమిషాలు రొప్పుతూ ఎక్కింది ఒక్క నిమిషంలో దిగిపోతాం. మళ్లీ ఎదురుగా ఇంకోటి.

మేం తొక్కుతున్న ముక్క పేరు మాంటే సాంతే మరీయే. మొత్తం 11.5 కిలోమీటర్ల మట్టి బాట. కొన్ని చోట్ల వాలు 18 శాతం దాకా ఉంటుంది. వంద మీటర్లు ముందుకెళ్తే పద్దెనిమిది మీటర్లు పైకెక్కినట్టు. సీటు మీంచి లేచి తొక్కితే వెనక చక్రం కంకరలో గిర్రున తిరిగి జారుతుంది. పోనీ అని కూర్చుని తొక్కితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. సీటు అంచుకు జరిగి, ఒళ్లు ముందుకు వంచి, అన్నిటికంటే చిన్న గేరులో నెమ్మదిగా తొక్కాలని బావ చెప్పాడు. చెప్పినంత తేలిక కాదు. రెండు చోట్ల దిగి నెట్టుకుంటూ నడిచాను. సిగ్గేం పడలేదు.

సైకిల్ రేసులు చూసేవాళ్లకు ఈ బాట బాగా తెలుసు. 'స్త్రాదే బియాంకే' అనే ప్రొఫెషనల్ రేసు 2007 నుంచి ఈ చుట్టుపక్కలే జరుగుతోంది. ఆ పేరుకి అర్థమే 'తెల్ల రోడ్లు'. 2024లో తాదే పొగాచార్ ఇదే బాట మీద, గమ్యం ఇంకా 81 కిలోమీటర్లు ఉండగానే అందర్నీ వదిలేసి వెళ్లిపోయాడు. చివరిదాకా ఒక్కడే తొక్కి గెలిచాడు. ఆ కథ బావ చెబుతున్నప్పుడే డెబ్బై ఏళ్ల జంట ఒకటి ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద మమ్మల్ని దాటేసి, "చావ్!" అంటూ చెయ్యూపి వెళ్లిపోయింది. అది అక్కడి పలకరింపే. నాకు మాత్రం తెలుగులోనే వినిపించింది.

కుక్క, నీళ్లు, దుమ్ము పట్టిన కారు

పదకొండున్నరకల్లా రెండు సీసాలూ ఖాళీ. ఈ బాటలో కొట్టు లేదు, నీడ కూడా తక్కువే. అక్కడక్కడా ఒంటరిగా ఒక సైప్రస్ చెట్టు, దూరంగా ఒక ఫామ్ హౌస్, అంతే. నోరు ఎండిపోయి, తల కాస్త తిరుగుతున్నట్టుంది. "ఇంకా ఎంత దూరం?" అని అడిగితే బావ ఫోన్ చూసి ఏమీ చెప్పలేదు. అప్పుడు నిజంగా భయమేసింది.

సరిగ్గా అప్పుడే బాటకు అడ్డంగా ఒక పెద్ద తెల్ల కుక్క. వెనక గొర్రెల మంద. మరెమ్మా జాతి కాపలా కుక్క అది. తోడేళ్లకు కూడా ఎదురు నిలబడే రకం. పారిపోతే వెంటపడుతుంది. సైకిల్ దిగి, మనకూ దానికీ మధ్య సైకిల్ అడ్డం పెట్టుకుని, నెమ్మదిగా నడవాలి. అలాగే నడిచాం. మొరుగుతూ అది కూడా మాతో పాటే నడిచింది. ఆ యాభై అడుగులూ నాకు దాహం గుర్తు లేదు.

లోపల్నుంచి ఒక ముసలాయన ఈల వేశాడు. కుక్క తోక ఊపుతూ వెళ్లిపోయింది. మా ఖాళీ సీసాలు చూసి, మేం అడక్కుండానే పైపుతో నీళ్లు పట్టి ఇచ్చాడు. వాకిట్లో ఆయన చిన్న కారుంది. దాని రంగేమిటో చెప్పలేం, అంత తెల్ల దుమ్ము. "రోడ్డుకి తారు వేస్తే బాగుండదా?" అని బావ ఇటాలియన్‌లో అడిగాడు. ఆయన కారు వంక చూశాడు, బాట వంక చూశాడు. అరచెయ్యి గాల్లో అటూ ఇటూ ఆడించి నవ్వేశాడు.

ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. ఒకప్పుడు ఈ తెల్ల బాటలన్నీ తారు కింద మాయమైపోతాయనిపించింది. అప్పుడు జాంకార్లో బ్రోచి అనే స్థానికుడు సైకిల్‌నే దారిగా ఎంచుకున్నాడు. 1997లో గాయోలే అనే ఊరి నుంచి 92 మంది పాత కాలం సైకిళ్ల మీద ఈ బాటల్లో తిరిగారు. దాని పేరు 'లెరోయికా'. ఇప్పుడు ఏటా అక్టోబరులో ప్రపంచం నలుమూలల నుంచి వేల మంది వస్తారు. 1987కి ముందు తయారైన సైకిలే ఉండాలి, గేరు లివర్లు ఫ్రేము మీదే ఉండాలి. అన్నిటికంటే పొడవైన రూటు 209 కిలోమీటర్లు. అలా మనుషులు రావడం మొదలయ్యాక ఆ బాటలకు విలువ వచ్చింది. ప్రొఫెషనల్ రేసు పుట్టింది కూడా దీన్నుంచే.

నాకైతే వింటుంటే విచిత్రంగా అనిపించింది. మా ఊరికి తారు రోడ్డు పడిన రోజు పిల్లలమంతా దాని మీద చెప్పుల్లేకుండా పరుగెత్తి కాళ్లు కాల్చుకున్నాం. అంతకుముందు వానాకాలంలో ఆటో కూడా వచ్చేది కాదు. ఆసుపత్రికి పోవాలంటే మంచం మీద మోసుకెళ్లడమే. కాబట్టి మట్టి రోడ్డు అందం గురించి మాకెవరైనా చెబితే ఒళ్లు మండేది. ఇక్కడ సంగతి వేరు. కాస్త దూరంలోనే మంచి తారు రోడ్డుంది, రైలుంది. ఆ ధీమా ఉన్నవాళ్లే ఇది ఇలాగే ఉండనీ అనగలరు. అయినా అన్నందుకు మెచ్చుకోవాలి. లేకపోతే నేను ఆ రోజు నాలుగు వరసల రోడ్డు మీద లారీల పక్కన తొక్కుతూ ఉండేవాణ్ని.

నల్ల కోడి పుంజు

కాస్టెల్‌నువోవో బెరార్దెంగా చేరేసరికి ఒంటిగంట దాటింది. ఇటలీ పల్లెల్లో మధ్యాహ్నం కొట్లు మూసేస్తారు. అదృష్టం కొద్దీ ఒక బార్ తెరిచి ఉంది. బార్ అంటే మన బార్ కాదు, కాఫీ కొట్టు. గొర్రె పాల పెకొరీనో చీజ్ పెట్టిన రొట్టె తిన్నాం. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. ఉప్పంతా చెమటగా పోయిన రోజున అది కాస్త అన్యాయమనిపించింది.

అక్కణ్నుంచి సాన్ గుస్మే, ఆపైన బ్రోలియో కోట. ఇక్కడ నేల మారిపోతుంది. గోధుమ చేలు పోయి ద్రాక్ష తోటలు, ఓక్ చెట్ల నీడ. ఇదంతా కియాంటీ, వైన్‌కి పేరుపడ్డ చోటు. కోట 1141 నుంచి రికాసోలి కుటుంబానిది. ఆ ఇంట్లో పుట్టిన బెత్తీనో రికాసోలి ఇటలీ రెండో ప్రధాని. కియాంటీ వైన్‌లో ఏ ద్రాక్ష ఎలా కలపాలో 1872లో తేల్చి రాసింది ఆయనే.

తోటల దగ్గర ఎక్కడ చూసినా నల్ల కోడి పుంజు బొమ్మే. దాని వెనక ఒక పాత కథ. ఫ్లారెన్స్‌కీ సియెనాకీ సరిహద్దు గొడవ. పుంజు కూసిన వెంటనే రెండు వైపుల నుంచీ గుర్రాలు బయల్దేరాలి, ఎక్కడ కలుసుకుంటే అదే హద్దు అనుకున్నారట. సియెనా వాళ్లు తమ తెల్ల పుంజుకి బాగా మేత పెట్టారు. ఫ్లారెన్స్ వాళ్లు నల్ల పుంజుని పస్తు పెట్టారు. ఆకలికి అది తెల్లారకముందే కూసేసింది. వాళ్ల రౌతు సియెనా గుమ్మం దాకా వచ్చేశాడు! అలా కియాంటీ దాదాపు అంతా ఫ్లారెన్స్‌కి పోయింది. ఈ కథ అయ్యేసరికి మేం కోట నుంచి కిందికి జారుతున్నాం. పెడల్ మీద కాలు ఊరికే పెట్టి కూర్చున్నాను. రోజంతటికీ నేను బావ కంటే ముందున్నది అప్పుడొక్కసారే.

సియెనా కూడా కొండ మీదే ఉంటుంది. ఆ రేసుకి చివరి పరీక్ష సాంతా కాతెరీనా వీధి. రాళ్లు పరిచిన ఇరుకు సందు, 16 శాతం వాలు. సాయంత్రం ఆరున్నరకి దాని కింద నిలబడి పైకి చూశాను. తొక్కుదామని మొదలుపెట్టి సగంలో దిగిపోయాను. ఈసారి బావ కూడా దిగాడు.

పైన నగరం మధ్యలో గవ్వలా వాలుగా ఉండే కాంపో మైదానం. అది పూర్తిగా రాళ్లూ ఇటుకలూ పరిచిన చోటు. కానీ మేం వెళ్లేసరికి అంచు చుట్టూ మట్టే మట్టి. జూలై 2న అక్కడ పాలియో గుర్రప్పందెం. దానికోసం కొన్ని రోజుల ముందే గుర్రాలు పరుగెత్తే దారి పొడవునా మట్టి పోసి అణుస్తారు. వీధుల్లో వాడలవారీగా జెండాలు కట్టి ఉన్నాయి.

సైకిళ్లు గోడకి ఆనించాం. మా బూట్లు మోకాళ్ల దాకా తెల్లగా, మైదానంలో మట్టి పసుపుగా. బావ అప్పటికే ఐస్‌క్రీమ్ లైన్లో నిలబడి, "నీకేం కావాలిరా?" అని అరుస్తున్నాడు.

"నీళ్లు" అన్నాను.