ఓరుగల్లు నుంచి గోదారి గట్టుకు ఎన్ని ఆమడలు?

హన్మకొండ నుంచి గోదావరి గట్టున ఉన్న ఏటూరునాగారం వంద కిలోమీటర్ల పైచిలుకు. ఆర్టీసీ బస్సెక్కితే ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా మూడు గంటల దారి. ఆమడకు ఎనిమిది మైళ్లు వేసుకుంటే పాత లెక్కలో ఇది ఎనిమిది ఆమడలు. రోజుకు ఆమడన్నర నడిచే బాటసారికి ఐదారు రోజులు పడుతుంది. ఉప్పు బస్తాలు మోసే లంబాడీల ఎడ్లకైతే పది రోజులు. 1632లో ఉత్తరాదిన పీటర్ మండీ అనే ఇంగ్లిష్ వర్తకుడికి దారిలో 14,000 ఎడ్ల టాండా ఎదురైంది. అది రోజుకు ఆరేడు మైళ్లకు మించి కదలదని ఆయన రాసుకున్నాడు. పది రోజులన్నది ఆ వేగంతో కట్టిన లెక్కే.

పాత వర్తక దారుల్లో తిరగాలనుకునేవాళ్లు గైడ్‌బుక్ తెరవగానే కిలోమీటర్లు చూస్తారు. నన్నడిగితే వాటిని ఆఖర్న చూడాలి. ముందు మజిలీలు, తర్వాత ఏరు దాటే చోట్లు, ఆ తర్వాత వానలు. పాతకాలపు పుస్తకాలు రాసినవాళ్లు కూడా దాదాపు ఈ వరసలోనే ఆలోచించారు.

ఒకటో శతాబ్దంలో గ్రీకులో రాసిన ‘పెరిప్లస్’ వర్తకుల కోసం తయారైన దారి పుస్తకం. అందులో బరూచ్ నుంచి దక్షిణంగా పైఠాన్‌కు 20 రోజులు, అక్కణ్నుంచి తూర్పుగా తగరకు, అంటే నేటి తేర్‌కు, మరో పది రోజులు. మైళ్ల ఊసే లేదు. మన కృష్ణా తీరాన్ని ‘మసాలియా’ అని, అక్కడ సన్నని నూలు బట్టలు బాగా నేస్తారని చెప్పి ముందుకు సాగిపోతుంది. పదిహేడో శతాబ్దంలో వజ్రాల వ్యాపారి టావెర్నియే మరో అడుగు ముందుకేశాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నానికి తిన్నగా వెళ్తే 100 కోసులు, కొల్లూరు గని చూసుకుని వెళ్తే 112 అని రెండు లెక్కలూ ఇచ్చాడు. పన్నెండు కోసుల చుట్టు తిరిగితే గని కూడా చూడొచ్చన్నమాట. తాను ఎక్కువగా ఆ దారినే వెళ్లానన్నాడు. నేడు హైదరాబాద్–మచిలీపట్నం రోడ్డు సుమారు 340 కిలోమీటర్లు. కోసుకు మూడు కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది కాబట్టి టావెర్నియే లెక్క మరీ తప్పేం కాదు.

తెలుగులో ఈ పని ఏనుగుల వీరాస్వామయ్య చేసినంత శ్రద్ధగా ఇంకెవరూ చేయలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం. 1830 మే 18న పల్లకీలు, బోయీలు, పరివారంతో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. లెక్కేస్తే 473 రోజులు. ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయ్యేనాటికి ఆయన లేరు. దూరంతో పాటు ఊళ్లో నీళ్లు బాగుంటాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అన్నవి ఊరూరికీ రాసిపెట్టారు. తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుందన్న ఎరుక ఆ రాతలో కనిపిస్తుంది. హైదరాబాద్ దాటాక ఆయన పట్టింది నిర్మల్, నాగపూర్ దారి. ఏటూరునాగారం వైపు రాలేదు.

అలాగని ఇటు దారి లేదనుకోకూడదు. గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి (1244) సుంకాన్ని ముప్ఫైలో ఒక వంతుకు కట్టడి చేశాక ఓరుగల్లుకు సముద్రపు సరుకు ధైర్యంగా వచ్చింది. ఓరుగల్లుకు ఈశాన్యాన అడవి, అడవి దాటితే గోదావరి, ఆవల బస్తర్. 1323లో కోట పడిపోయాక కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం కట్టాడని అక్కడి రాజవంశం చెప్పుకునే కథ. మ్యాపులో 163వ నంబరు జాతీయ రహదారి చూడండి. హైదరాబాద్, వరంగల్, ఏటూరునాగారం, భోపాలపట్నం. పోయేది ఆ దిక్కుకే.

ఇక్కడ రెండో దారి గోదావరే. నాగపూర్ పత్తిని పడవల మీద సముద్రానికి దించాలన్నది ఆర్థర్ కాటన్ ఆశ. అడ్డుగా మూడు రాతి ఘట్టాలున్నాయి. ఒకటి దిగువన దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఎగువన ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద. ఏటూరునాగారం సరిగ్గా మొదటి రెండింటి మధ్య ఉంది. దుమ్ముగూడెంలో లాకులు కట్టారు. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో నది పనులు ఆపేశారు. ఆ రైలు ఇంకో పదేళ్లు ఆలస్యమై ఉంటే ఏటూరునాగారం పెద్ద రేవుపట్నం అయ్యేదేమో!

పాత పుస్తకాలు చదివేటప్పుడు గట్టు పేరు కూడా చూసుకోవాలి. 1860లో ఎడమ గట్టు తాలూకాలు నిజాం నుంచి బ్రిటిష్‌వాళ్ల చేతికి పోయాయి. అప్పట్నుంచి ఏటూరునాగారం ఒక పుస్తకంలో, ఎదురుగా ఉన్న ఊళ్లు ఇంకో పుస్తకంలో పడ్డాయి. మొన్నమొన్నటి గైడ్‌బుక్కుల్లోనూ ఇటు గట్టు వరంగల్ జిల్లా, అటు వాజేడు, వెంకటాపురం ఖమ్మం జిల్లా. 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా వచ్చాక రెండు గట్లూ ఒక గొడుగు కిందికి చేరాయి. 2019 నుంచి రెండూ ములుగు జిల్లాలో ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద మార్పు ఇక్కడ గోదావరి మీద వచ్చిన ముళ్లకట్ట వంతెన. 2016 జనవరిలో తెరిచారు. అంతకుముందు అటు గట్టుకు పోవాలంటే పడవ ఎక్కాలి, లేదంటే భద్రాచలం వంతెన దాకా చుట్టు తిరగాలి. 2016కు ముందు అచ్చయిన గైడ్‌బుక్ మీ చేతిలో ఉంటే అందులో ఈ ప్రాంతపు రోజుల లెక్కను కొట్టేసి మళ్లీ వేసుకోండి.

వానల లెక్క మాత్రం ఏ గైడ్‌బుక్‌లోనూ సరిగ్గా ఉండదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆ వానకే జంపన్న వాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయిని ముంచి ప్రాణాలు తీసింది. గోదావరికైతే భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. వంతెన ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు. అవతల వాజేడు మండలం టేకులగూడెం దగ్గర రోడ్డెక్కిన నీళ్లు ఛత్తీస్‌గఢ్ రాకపోకలు ఆపేయడం వానాకాలంలో మామూలు వార్తే. పేపర్లో మొదటి హెచ్చరిక కనిపించిందంటే ఏటూరునాగారం దాటి ప్లాన్ వేసుకోకండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అందులోనూ ఒక మినహాయింపు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో మేడారం జాతర. అప్పుడు పస్రా, తాడ్వాయిల దగ్గర దారి పూర్తిగా జాతర బండ్లదే.

మూడు రోజులుంటే ఇలా వేసుకోవచ్చు. మొదటి రోజు పాలంపేటలో రామప్ప గుడి (1213) చూసి రాత్రికి తాడ్వాయి. రెండో రోజు పొద్దున్నే అడవి దారిలో ఏటూరునాగారం, రామన్నగూడెం కరకట్ట, మధ్యాహ్నం వంతెన దాటి బొగత జలపాతం, చీకటి పడకముందే వెనక్కి వచ్చి ఏటూరునాగారంలో బస. మూడో రోజు వాజేడు మీదుగా భోపాలపట్నం. ఆ చివరి రోజు పోవచ్చా లేదా అన్నది ముందురోజు సాయంత్రం బస్టాండులో డ్రైవర్లను, ఠాణాలో పోలీసులను అడిగి తేల్చుకోండి.