టాంటాం నుంచి టామ్‌టామ్ దాకా

కిందటి వార్షికోత్సవం నాడు ఆర్కెస్ట్రా వాళ్లు వేదిక మీద డ్రమ్స్ బిగిస్తుంటే మన పిల్లలంతా చుట్టూ మూగారు. ఏడో తరగతి తమ్ముడొకడు నన్నడిగాడు: "అన్నా, ఇన్ని డ్రమ్ములెందుకు? ఒక్కటి చాలదా?" అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

డ్రమ్ సెట్‌లో ఒక్కోదానికి ఒక్కో పని ఉంది. కాలితో పెడల్ తొక్కితే 'ధమ్' మనేది బేస్ డ్రమ్. వాయించేవాడి మోకాళ్ల దగ్గర ఉండి 'టప్' మని పేలినట్టు మోగేది స్నేర్. దాని అడుగున సన్నని తీగలు ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆ చరచర. కంచు పళ్లేల్లాంటివి సింబల్స్. మిగిలినవే టామ్‌టామ్‌లు. వీటికి తీగలుండవు, అందుకే నిండుగా మోగుతాయి.

బేస్ డ్రమ్ పైన బిగించేవి రాక్ టామ్‌లు. ఇవి సాధారణంగా 12, 13 అంగుళాల వెడల్పు ఉంటాయి. మూడు కాళ్ల మీద నేలపై నిలబడేది ఫ్లోర్ టామ్, ఎక్కువగా 16 అంగుళాలు. చిన్నది హెచ్చు స్థాయిలో, పెద్దది తగ్గు స్థాయిలో పలుకుతుంది. పాటకు నడక ఇచ్చేవి బేస్, స్నేర్, సింబల్స్. పల్లవి ముగిసి చరణం అందుకునే చోట చిన్న టామ్ నుంచి పెద్దదానికి దొర్లుకుంటూ వచ్చే రోల్ వినే ఉంటారు. పాట మలుపు తిరుగుతోందని మనకు ముందే చెప్పేది అదే.

20వ శతాబ్దం మొదట్లో అమెరికా డ్రమ్మర్లు చైనా టామ్‌లు వాడేవారు. వాటి చర్మాన్ని మేకులతో కొట్టేసేవారు, శ్రుతి మార్చే వీలుండేది కాదు. 1930లలో జీన్ క్రూపా అనే డ్రమ్మరు కోసం స్లింగర్‌లాండ్ కంపెనీ రెండు వైపులా మరలతో బిగించే టామ్‌లు చేసింది. 1937లో బెన్నీ గుడ్‌మన్ బృందం రికార్డు చేసిన 'సింగ్ సింగ్ సింగ్'లో క్రూపా టామ్‌లనే ముందుకు తెచ్చాడు. ఎప్పుడూ వెనక కూర్చునే డ్రమ్మరు వైపు జనం చూపు మళ్లింది.

టామ్‌ను శ్రుతి చేసేటప్పుడు మరలను వరసగా కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒకే పక్క బిగిస్తే స్వరం చెడుతుంది. మన డప్పుకు మరలుండవు. మంట దగ్గర కాస్తే తేమ ఆరి చర్మం బిగుస్తుంది. పద్ధతి వేరు గాని పని ఒకటే.

ఇక ఆ పేరు సంగతి. ఈ మాట 17వ శతాబ్దం చివర ఇంగ్లీషులో చేరిందనీ, హిందీ 'టమ్‌టమ్', తెలుగు 'టమటమ' దానికి మూలాలనీ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చెబుతోంది. అంటే అది మన చప్పుడే.

ఆ ముక్క లైబ్రరీలో చదివిన రోజు చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. మా ఊళ్లో పంచాయతీ కబురు ఏదైనా డప్పు కొట్టి టాంటాం వేసేది మా నాన్నే. గింజలు కొలిచేవారు గాని గౌరవం ఇచ్చేవారు కాదు. హాస్టల్లో ఉన్న ఐదేళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. "మీ నాన్న ఏం చేస్తాడు?" అని అడిగితే "వ్యవసాయం" అనేవాణ్ణి. మాకు సెంటు భూమి కూడా లేదు.

తమ్ముళ్లూ, ఎవరో ఆజ్ఞాపిస్తే కొట్టడం వేరు, ఇష్టపడి నేర్చుకుని వాయించడం వేరు. మొదటిది మన పెద్దలతోనే పోవాలి. రెండోది మీరు అందుకోండి. డ్రమ్స్ నేర్చుకోండి, డప్పూ నేర్చుకోండి. నాన్న ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మాత్రం నాలా అబద్ధం చెప్పకండి.

– ఒక పూర్వ విద్యార్థి