కలంకారీ కానుక కొనేముందు

గౌనిపల్లి ప్రాంతం నుండి మదనపల్లె మీదుగా శ్రీకాళహస్తికి రాహుకేతు పూజకై వెళ్ళేవారు అక్కడ పెళ్ళికానుకగా కలంకారీ వస్త్రం కొనదలచితే, కాస్త నిదానించి చూడాలి. ఆ పేరిట అమ్మేదంతా కలంపని కాదు.

శ్రీకాళహస్తి పద్ధతిలో కరక్కాయ, పాలు పట్టించిన నూలుగుడ్డపై వెదురు కలంతో బొమ్మ గీస్తారు. బెల్లపు నీటిలో తుప్పుపట్టిన ఇనుమును నానవేసి పులియబెట్టగా వచ్చినదే నల్లరంగు. ఎరుపు నిలవడానికి పటిక పూస్తారు, మధ్యమధ్య ఉతుకుతారు. చేతి గీత గనుక ఒకే పువ్వు రెండుచోట్ల ఒక్కలా ఉండదు. అచ్చుగుద్దినట్లుంటే అది అచ్చే! (మచిలీపట్నం కలంకారీ సంగతి వేరు, చెక్క అచ్చులతో అద్దినా అదీ చేతిపనే.)

ఫెయిర్ ట్రేడ్ దుకాణమని చెప్పుకొనేచోట మరొకటి అడగవచ్చు: కళాకారునికి బయానా ఇచ్చారా? వరల్డ్ ఫెయిర్ ట్రేడ్ ఆర్గనైజేషన్ నియమం ప్రకారం, చేతివృత్తివారు కోరినచో కనీసం 50 శాతం సొమ్ము వడ్డీ లేకుండా ముందే చెల్లించాలి. అది అందనిచోట గుడ్డకూ రంగుకూ అప్పు చేయవలసినది కళాకారుడే.