చెరువుల శుద్ధికి తేలియాడే మొక్కల దీవులు: ప్రయోజనాలు, పరిమితులు

నగరాలు, పట్టణాల పరిసరాల్లోని చెరువులకు నేడు నీరు కేవలం వర్షాల వల్లనే చేరడం లేదు. ఎగువన వెలసిన కాలనీల మురుగునీరు ఏడాది పొడవునా వాటిలో కలుస్తున్నది. ఒకప్పుడు వేసవిలో అడుగంటే చెరువులు కొన్ని ఇప్పుడు మే నెలలోనూ నిండుగా కనిపించడానికి కారణం ఇదే. మురుగుతో పాటు వచ్చే నత్రజని, భాస్వరం నీటిలో ఎరువుగా పనిచేయడంతో నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతున్నాయి. అవి కుళ్లినప్పుడు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. రాత్రికి రాత్రి చేపలు తేలడం, దుర్వాసన, దోమల బెడద దీని పర్యవసానాలే. ఇటువంటి చెరువుల పునరుద్ధరణకు ఉపకరించే పద్ధతుల్లో తేలియాడే మొక్కల దీవుల ఏర్పాటు ఒకటి.

హైదరాబాద్ ప్రాంతంలో ఈ పద్ధతి ప్రజల దృష్టికి వచ్చింది నెక్నాంపూర్ చెరువుతోనే. రంగారెడ్డి జిల్లాలో మణికొండకు సమీపంలో ఉన్న ఈ చెరువులో, ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవాన్ని పురస్కరించుకొని 2018 ఫిబ్రవరిలో సుమారు 3,000 చదరపు అడుగుల విస్తీర్ణంలో తేలియాడే దీవిని ఏర్పాటు చేశారు. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ, జిల్లా యంత్రాంగం, మరికొన్ని సంస్థలు ఇందులో పాలుపంచుకున్నాయి. దాదాపు 3,500 మొక్కలు నాటిన ఈ దీవిని దేశంలోనే పెద్దదిగా ఇండియా బుక్ ఆఫ్ రికార్డ్స్ అప్పట్లో గుర్తించింది.

దీని నిర్మాణం కష్టమైనదేమీ కాదు. అన్నిటికన్నా అడుగున వెదురు బొంగుల చట్రం, దానిపైన థర్మోకోల్ దిమ్మెలు, ఆపైన గోనె సంచులు, వాటిపై కంకర పరిచారు. వట్టివేరు, మెట్టతామర, జమ్ము, నిమ్మగడ్డి, మందార, తులసి, అశ్వగంధ వంటి మొక్కలను నాటారు. వీటికి మట్టి అవసరం లేదు. వేళ్లు చట్రం సందుల గుండా నేరుగా నీటిలోకి దిగి, అందులోని పోషకాలనే ఆహారంగా తీసుకొని పెరుగుతాయి.

మొక్కలు మురికిని పీల్చివేస్తాయన్న మాట తరచు వినిపిస్తుంది. అది సగం నిజం మాత్రమే. అసలు పని చాలావరకు జరిగేది వేళ్లను అంటిపెట్టుకొని ఉండే జిగురు పొరలో. కంటికి కనిపించని కోట్లాది సూక్ష్మజీవులు ఆ పొరలో నివసిస్తాయి. మురుగునీటిలో నత్రజని ఎక్కువగా అమ్మోనియా రూపంలో ఉంటుంది. ఇది చేపలకు విషతుల్యం. ప్రాణవాయువు అందే చోట ఉండే ఒక రకం బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. ప్రాణవాయువు తక్కువగా ఉండే దీవి అడుగుభాగంలో మరొక రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపుతుంది. గాలిలో 78 శాతం నత్రజనే కనుక దీనివల్ల హాని లేదు. ఇక గుబురుగా వేలాడే వేళ్లు నీటిలోని మెత్తటి మట్టిని, మలినాలను జల్లెడలా పట్టి ఉంచుతాయి. దీవి నీడ పడిన మేరకు సూర్యరశ్మి అందక నాచు పెరుగుదల తగ్గుతుంది.

భాస్వరం సంగతి వేరు. దానికి వాయురూపంలో బయటపడే మార్గం లేదు. అది మొక్కలోకైనా చేరాలి, అడుగున బురదలోకైనా చేరాలి. మొక్కను సకాలంలో కోయకపోతే ఆకులు, కాడలు ఎండి, కుళ్లి, పీల్చుకున్న భాస్వరాన్ని తిరిగి చెరువుకే అప్పగిస్తాయి. కనుక దీవిని ప్రారంభించిన రోజుకన్నా, ఆ తరువాత క్రమం తప్పకుండా జరిగే కోతే ముఖ్యం. కోసిన పచ్చిరొట్టను గట్టుపైన వదిలివేస్తే తొలివానకే అది మళ్లీ నీటిలో చేరుతుంది. దానిని చెరువు పరీవాహకం వెలుపలికి తరలించి కంపోస్టు చేయాలి. పారిశ్రామిక వ్యర్థాలు కలిసే చెరువుల్లో భార లోహాలు మొక్కల్లోకి చేరే అవకాశం ఉన్నందున ఆ గడ్డిని పశువులకు మేపరాదు, కంపోస్టుకూ వాడరాదు. మురుగునీటి దీవిపై పెరిగిన తులసిని, అశ్వగంధను ఔషధంగా వాడకూడదని వేరుగా చెప్పనవసరం లేదు కానీ, ఆ మేరకు బోర్డు పెట్టడం మంచిది.

ఈ పద్ధతిపై ఆశ ఎంత ఉండాలన్నది లెక్క చూస్తే తెలుస్తుంది. ఎకరాకు 43,560 చదరపు అడుగులు. 3,000 చదరపు అడుగుల దీవి ఒక ఎకరం చెరువులో 7 శాతం కన్నా తక్కువ. పది ఎకరాల చెరువులో అది ఒక శాతం కూడా కాదు. మరోవైపు మురుగు లెక్క ఇలా ఉంటుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీటి సరఫరా, అందులో 80 శాతం మురుగుగా మారుతుందన్నది ఇంజనీర్లు అనుసరించే ప్రమాణం. ఇంటికి ఐదుగురు చొప్పున 1,000 ఇళ్లున్న కాలనీ నుంచి రోజుకు సుమారు 5.4 లక్షల లీటర్ల మురుగు వస్తుంది. ఇంత మురుగు శుద్ధి కాకుండా నేరుగా చెరువులో కలుస్తుండగా ఒక మూల దీవిని తేలించి నీరు బాగుపడాలని ఆశించడం సబబు కాదు.

అందువల్ల దీవి మురుగునీటి శుద్ధి కేంద్రానికి ప్రత్యామ్నాయం కానేరదు. మురుగును మళ్లించిన తరువాత, లేదా శుద్ధి చేసిన నీటిని చెరువులోకి వదిలిన తరువాత, ఇంకా మిగిలి ఉండే నత్రజని, భాస్వరాలను తగ్గించడమే దాని పని. హైదరాబాద్ నగరానికి రూ.3,866 కోట్ల వ్యయంతో 31 కొత్త శుద్ధి కేంద్రాల నిర్మాణానికి రాష్ట్ర ప్రభుత్వం 2021లో అనుమతి ఇచ్చింది. చెరువులకు శాశ్వత మేలు జరిగేది అటువంటి పనుల వల్లనే. శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీరు చెరువులో ప్రవేశించే చోట, నీరు వేళ్ల మధ్య నుంచి పారేలా దీవులను వరుసగా అమర్చినట్లయితే వాటివల్ల గరిష్ఠ ప్రయోజనం ఉంటుంది. చూపరులకు అందంగా కనిపించాలని చెరువు మధ్యలో, నీటి కదలిక లేని చోట ఉంచితే ఆ మేరకు ఫలితం తగ్గుతుంది.

అంచనాలు తయారుచేసే ఇంజనీర్లు మరికొన్ని విషయాలు గమనించాలి. వానాకాలంలో చెరువు మట్టం పెరిగినప్పుడు దీవి దానితో పాటే లేవాలి. లంగరు తాళ్లు పొట్టిగా ఉంటే అది మునుగుతుంది లేదా తెగి అలుగు వద్ద అడ్డుపడుతుంది. వేసవిలో మట్టం పడిపోయి వేళ్లు బురదలో నాటుకుంటే మళ్లీ తేలడం కష్టం. థర్మోకోల్ చౌక అయినప్పటికీ ఎండకు పెళుసెక్కి, ముక్కలై నీటిలోనే కలుస్తుంది. శుద్ధి కోసం పెట్టిన దీవి ప్లాస్టిక్ కాలుష్యానికి కారణం కాకుండా, మన్నికైన ప్లాస్టిక్ గొట్టాల చట్రాలను ఎంచుకోవడం మేలు. వెదురును కొన్నేళ్లకొకసారి మార్చవలసి ఉంటుంది. ఆ ఖర్చును, కోత కూలీని అంచనాలోనే చేర్చాలి. విస్తీర్ణం మరీ ఎక్కువైనా ఇబ్బందే. నీటిని పూర్తిగా కప్పివేస్తే గాలి తగలక, గుర్రపుడెక్క తెచ్చే సమస్యే దీవి కూడా తెస్తుంది.

ఫలితాన్ని అంచనా వేయడానికి ఫొటోలు చాలవు. దీవి పక్కన తేటగా కనిపించే నీరు చెరువు మొత్తానికి నిదర్శనం కాదు. దీవిని పెట్టక ముందు, పెట్టిన తరువాత, ప్రవేశ మార్గం, నడిమి భాగం, అలుగు వద్ద వేరువేరుగా నమూనాలు తీసి పోల్చాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ ప్రకారం చేపల పెంపకానికి అనువైన నీటిలో కరిగిన ప్రాణవాయువు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి, స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములకు మించరాదు. స్నానానికి పనికివచ్చే నీటిలో ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా, బీఓడీ 3 మిల్లీగ్రాములకు మించకుండా ఉండాలి. నాచు పట్టిన చెరువుల్లో పగటిపూట ప్రాణవాయువు ఎక్కువగాను, తెల్లవారుజామున అతి తక్కువగాను నమోదవుతుంది. చేపలు చనిపోయేది ఆ వేళలోనే కనుక, మధ్యాహ్నం తీసిన ఒక్క నమూనాతో సరిపెట్టకుండా సూర్యోదయానికి ముందు కూడా పరీక్ష జరపాలి.