పేరు చెప్పని రేడియో కేంద్రములు

రేడియో కేంద్రము మొదట తన పేరు చెప్పి, పిదప కార్యక్రమమును వినిపించుట వాడుక. పేరుగాని ఊరుగాని చెప్పక, ఏండ్ల తరబడి అంకెలను మాత్రమే చదువు కేంద్రములును లోకమున గలవు. వానిని ఓపికతో విని వ్రాసికొను ఔత్సాహిక శ్రోతలు అనేక దేశములందున్నారు. వారి పద్ధతి మన పిల్లలకు ఉపకరించునని తలంచి, తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

3 మొదలు 30 మెగాహెర్ట్జ్ వరకు గల తరంగములను షార్ట్‌వేవ్ అందురు. ఇవి మీది ఆకాశమందలి విద్యుత్పూరితమైన పొరలచే వంగి మరల భూమికి దిగును. కనుక సముద్రములు దాటి వినబడును. 1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి ఆంధ్రప్రదేశము నుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. తరంగమునకు మాత్రము అట్టి యెల్లలు లేవు. రేడియో సిలోన్ నుండి మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు పలుకులు తెలుగువారి యిండ్లకు చేరినది ఈ మార్గముననే.

ఇక అంకెల మర్మమేమి? పంపువాని వద్దను, అందుకొనువాని వద్దను ఒకే అంకెల పట్టిక యుండును. విన్న అంకె నుండి పట్టికలోని అంకెను తీసివేయగా సందేశము తేలును. ఏ వరుసయు లేని పట్టికను ఒక్కసారి మాత్రమే వాడి నాశనము చేసినచో, ఎంతటి గణితజ్ఞుడును దానిని విప్పజాలడు. పైగా, వినువాడెవ్వడో యెవరికిని తెలియదు. 1998లో అమెరికాలో పట్టుబడిన క్యూబా గూఢచారులకు ఆదేశములు ఇట్లే వచ్చెనని న్యాయస్థానమున వెల్లడియైనది.

అజ్ఞాత కేంద్రములన్నియు గూఢచారులవే యనుకొనరాదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమమున బొంబాయిలో కాంగ్రెస్ రేడియో రహస్యముగా నడచినది. ఇరువదిరెండేండ్ల విద్యార్థిని ఉషా మెహతాయు, ఆమె సహచరులును పోలీసుల కంటబడకుండ స్థలములు మార్చుచు, పత్రికలు ప్రకటింప జంకిన వార్తలను 42.34 మీటర్లపై వినిపించిరి. నవంబరు 12న ఆమె పట్టుబడి, విచారణలో నోరు విప్పక, 1946 వరకు కారాగారమున నుండెను. 300ను మీటర్లచే భాగించిన మెగాహెర్ట్జ్‌లు వచ్చును, 42.34కు ఎంత వచ్చునో మీ పిల్లలచే లెక్క కట్టింపుడు.

శ్రోతలు తేదీ, వేళ, తరంగసంఖ్య, ధ్వని స్పష్టత, విన్న మాటలు — ఇవి మాత్రమే వ్రాసికొందురు. దేశదేశముల వారికి పోలిక కుదురుటకై గ్రీనిచ్ కాలమును వాడుదురు. అది మన గడియారమునకు ఐదున్నర గంటలు వెనుక. పేరుగల కేంద్రమునకు ఈ వివరములు పంపినచో ధ్రువీకరణ కార్డు వచ్చుట కలదు. పేరులేని కేంద్రము బదులు వ్రాయదు. కావున తమలో తాము లెక్కలు పోల్చి చూతురు. ఒక ఆంగ్ల జానపద గీతమును వాయించి అంకెలు చదివిన "లింకన్‌షైర్ పోచర్" సైప్రసు నుండి ప్రసారమగుచున్నదని శ్రోతలే దిక్కు కట్టి కనుగొనిరి. అది 2008లో ఆగినది.

రాత్రివేళ మిద్దెపై, ఎల్‌ఈడీ దీపములకును ఛార్జర్లకును దూరముగా, చిన్న షార్ట్‌వేవ్ రేడియోతో ఈ అభ్యాసము చేయింపవచ్చును. రేడియో లేనివారు నెదర్లాండ్సునందలి ట్వెంటే విశ్వవిద్యాలయపు రిసీవరును ఇంటర్నెట్ ద్వారా వినవచ్చును. ప్రసారము చేయుటకు మాత్రము ప్రభుత్వ లైసెన్సు కావలెను.

పిల్లవాని పుస్తకములో రెండు వరుసలు గీయింపుడు: ఒకదానిలో విన్నది, వేరొకదానిలో ఊహించినది. రెండింటిని కలిపివేయుట చేతనే వదంతులు పుట్టుచున్నవి. ఫోనులో వచ్చిన ప్రతి వార్తను నమ్ము ఈ దినములలో, ఆ నడిమి గీతను గీయనేర్చిన బిడ్డ ఏ భాషలో చదివినను మోసపోడు.