శిశువుకు రెండవ శ్రవణ పరీక్ష

ప్రహ్లాదుడు మాతృగర్భంలోనే నారదుని ఉపదేశాన్ని ఆలకించాడని భాగవతం చెబుతున్నది. శిశువు పుట్టుకకు ముందే వినగలదని వైద్యశాస్త్రమూ అంగీకరిస్తున్నది. శిశువుల వినికిడిని పరీక్షించే వైద్యునిగా భక్తులకు ఒక విన్నపం చేస్తున్నాను.

ప్రసవానంతరం శిశువు చెవిలోకి మృదుశబ్దాలు పంపి, లోపలి చెవి స్పందనను యంత్రంతో గ్రహిస్తాము. స్పందన అందకపోతే మరల తీసుకురమ్మంటాము. అంతమాత్రాన బిడ్డకు చెవుడని భావించరాదు. చెవిలో పుట్టుకనాటి జిగురు మిగిలినా, బిడ్డ ఏడ్చినా స్పందన అందదు. నిజమైన లోపం ఉన్నా అందదు. ఏది కారణమో తేల్చేది రెండవ పరీక్షయే. అవసరమైతే బిడ్డ నిద్రలో ఉండగా నుదుటిపై, చెవుల వెనుక తీగలు అంటించి 'బెరా' పరీక్ష చేస్తాము. నొప్పి ఉండదు.

“చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడు కదా!” అని పెద్దలు పరీక్ష మాన్పించడం కద్దు. పెద్ద చప్పుడు వినే బిడ్డకు మాటలు స్పష్టంగా వినబడకపోవచ్చు.

1 నెలలోపు తొలి పరీక్ష, 3 నెలలలోపు నిర్ధారణ, 6 నెలలలోపు వినికిడి యంత్రం వంటి చికిత్స ఆరంభం కావాలి. అన్నప్రాశన వేళకే ఇవన్నీ జరగాలన్నమాట. ఆలస్యమైతే బిడ్డకు మాటలు రావడం వెనుకబడుతుంది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద జిల్లా కేంద్రాలలో ఈ సేవలు ఉచితం. దారిఖర్చులు లేక ఆగిపోయే పేదతల్లికి దాతలు చేయూతనిస్తే, ఒక బిడ్డకు వాక్కును ప్రసాదించినట్లే.